ఆరు తీగల బేస్ గిటార్ మీద మనసు పడినవాళ్ళకి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇందులో సగం ప్రశ్నలు నన్ను తోటి వాద్యగాళ్ళు అడిగినవి. మిగతా సగం నాలుగేళ్ళపాటు అర్ధరాత్రి ఫోన్ పట్టుకుని నన్ను నేనే అడుక్కున్నవి. ఏది ఏదో మీరే పోల్చుకోగలరు.

ఫొడేరా ఫొటో చూసిన దగ్గర్నుంచి నిద్ర పట్టట్లేదు. ఇది మామూలేనా?

మామూలే. ఫొడేరా న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో 1983లో మొదలైన, బేస్ గిటార్లు చేసే చిన్న వర్క్‌షాప్. విన్నీ ఫొడేరా, జోయీ లారిసెల్లా కలిసి పెట్టారు. గిటార్ తల మీద పొదిగిన సీతాకోకచిలుకే వాళ్ళ గుర్తు. మనకు నచ్చిన చెక్కతో, నచ్చిన కొలతలతో కస్టమ్‌గా చేయించుకుంటే ధర 10,000 డాలర్లు సులువుగా దాటుతుంది. మన డబ్బుల్లో ఎనిమిది లక్షల పైమాటే. రవాణా, కస్టమ్స్ సుంకం, దాని మీద ఐజీఎస్టీ ఇంకా కలపలేదు.

నాకు ఆ పిచ్చి పట్టించింది వాల్‌నట్ చెక్క ఫొటో ఒకటి. సరుగుడు తోట మీద సాయంత్రం ఎండ పడితే ఎలా ఉంటుందో ఆ చారలు అలా ఉన్నాయి. అందులోంచి ఏం శబ్దం వస్తుందో అప్పటికి నేను విననే లేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కింద దీనితో పని ఉంది.

బేస్‌కి నాలుగు తీగలు చాలవా? ఆరు పెట్టాలన్న ఆలోచన ఎవరిది?

లియో ఫెండర్ 1951లో ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పుడు నిలబెట్టి వాయించే పెద్ద డబుల్ బేస్‌ను మనసులో పెట్టుకున్నాడు. దానికి నాలుగు తీగలు కాబట్టి దీనికీ నాలుగే. ఆంథొనీ జాక్సన్ అనే వాద్యకారుడు దీన్ని ఒప్పుకోలేదు. ఇది గిటార్ కుటుంబంలో అందరికంటే కింది స్థాయిలో పలికే వాద్యం, గిటార్‌కి ఆరున్నప్పుడు దీనికీ ఆరుండాలి కదా అన్నది ఆయన వాదన. దానికి కాంట్రాబేస్ గిటార్ అని పేరు పెట్టుకున్నాడు. 1975లో కార్ల్ థాంప్సన్ అనే తయారీదారు ఆయన కోసం మొదటిది చేసిచ్చాడు. తర్వాత కెన్ స్మిత్, ఆ తర్వాత ఫొడేరా చేశారు. శ్రుతి కింది నుంచి పైకి బి, ఇ, ఎ, డి, జి, సి. ఇప్పుడు దుకాణంలో దొరికే ఆరు తీగల బేస్‌లలో దాదాపు అన్నిటికీ ఇదే శ్రుతి.

నాలుగు తీగలదానికంటే నాకు అదనంగా ఏం వస్తుంది?

లెక్క వేస్తే పది స్వరాలు. 24 ఫ్రెట్లు (మెడ మీది అడ్డ మెట్లు) ఉన్న నాలుగు తీగల బేస్‌తో పోలిస్తే కింద ఐదు, పైన ఐదు. అంతే! ఎనిమిది లక్షలను పదితో భాగించి చూడకండి, మనసు పాడవుతుంది.

కానీ ఆ కింది ఐదు స్వరాలు మన దగ్గర ఎంత పనికొస్తాయో ఆర్కెస్ట్రాలో వాయించినవాళ్ళకి తెలుసు. పెళ్ళి స్టేజీ మీద గాయని వచ్చి "అన్నా, నాకు ఒకటిన్నర శ్రుతి ఇవ్వండి" అంటుంది. అంటే సి షార్ప్. నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే కింది స్వరం ఇ, అంటే మూడు శ్రుతి. కాబట్టి ఆ పాటకి ఆధార స్వరం ఎ తీగ మీద నాలుగో ఫ్రెట్‌లో మొదలవుతుంది, దానికింద ఆ స్వరం లేదు. ఆరు తీగలదానిలో బి తీగ రెండో ఫ్రెట్ నొక్కితే అదే స్వరం ఒక స్థాయి కిందికి దిగి పలుకుతుంది. చరణం అయిపోయి మళ్ళీ పల్లవి ఎత్తుకునేటప్పుడు ఆ ఒక్క స్వరం వేస్తే వెనకాల ప్యాడ్స్ వాయించే తమ్ముడు తలెత్తి చూస్తాడు.

పైన ఉండే సి తీగ సంగతి వేరు. అది రాగం వాయించుకోవడానికి, మూడు నాలుగు స్వరాలు కలిపి కార్డులు వేసుకోవడానికి. ఒంటరిగా ఇంట్లో కూర్చుని వాయించేటప్పుడు అదే అన్నిటికంటే ముద్దొస్తుంది. స్టేజీ మీద నేను దాన్ని ముట్టుకునేది తక్కువ.

ఇంకో లాభం అంకెల్లో కనపడదు. తీగలు ఎక్కువుంటే చెయ్యి అటూ ఇటూ జారకుండా ఒకే చోట నిలబడి రెండు స్థాయిల పైన తిరిగి రావచ్చు. వీణ వాయించేవాళ్ళు మెట్ల మీద ఆ చివర్నుంచి ఈ చివరికి వెళ్ళే దూరాన్ని ఇక్కడ తీగల మీద అడ్డంగా దాటేస్తాం అన్నమాట.

ఆ బి తీగ మా యాంప్‌లో గురగురమంటోంది. గిటార్ చవకదైనందుకేనా?

సగం నేరం యాంప్లిఫయర్‌ది. బి తీగ మూల కంపనం సుమారు 31 హెర్ట్జ్. ఇ తీగది 41. ఎనిమిది అంగుళాల స్పీకరున్న ప్రాక్టీస్ యాంప్ 31 హెర్ట్జ్‌ను పలికించలేదు. మనం వింటున్నది దాని మీది రెట్టింపు కంపనాలనే, అసలు స్వరాన్ని మెదడే ఊహించి పూరిస్తుంది. అందుకే కొనేముందు దుకాణంలో మంచి హెడ్‌ఫోన్ పెట్టి గానీ, 15 అంగుళాల స్పీకర్ క్యాబినెట్ మీద గానీ వినండి. ఇంట్లో చిన్న యాంప్ ఉంచుకుని లక్షల గిటార్ కొంటే ఏనుగును కొని అంకుశానికి వెనకాడినట్టే.

మరి లక్షలు పోసేది దేనికి?

ఇది నేను చాలాకాలం తప్పుగా అర్థం చేసుకున్న ప్రశ్న, అందుకే కాస్త పొడుగ్గా చెప్తాను.

మొదటిది నెక్, అంటే తీగల కింద ఉండే పొడవాటి మెడ. ఆరు తీగల లాగుడుకి వెడల్పాటి చెక్క ఏళ్ళ తరబడి వంగకుండా, మెలి తిరగకుండా నిలబడాలి. ఖరీదైన వాటిలో బాగా ఆరిన చెక్కను ఏరి, వేర్వేరు జాతుల పట్టీలు అతికించి చేస్తారు. కొన్నిటిలో నెక్ చెక్కే ఈ చివర్నుంచి ఆ చివరి దాకా వచ్చి, ఒంటికి రెండు రెక్కలు మాత్రం పక్కల అతుకుతారు. నెక్ త్రూ అంటే అదే. బొబ్బిలి వీణ చూసినవాళ్ళకి ఈ సరదా కొత్తది కాదు. ఒకే పనస మానులోంచి కుండ, దండి అన్నీ తొలిచిన ఏకాండి వీణకీ, అతుకుల వీణకీ ధరలో ఎందుకు తేడా ఉంటుందో ఇక్కడా దాదాపు అందుకే.

రెండోది స్కేల్, అంటే మోగే తీగ పొడవు. మామూలుగా 34 అంగుళాలు. 35 ఉంటే బి తీగ బిగువుగా ఉంటుంది. జాక్సన్ తనకోసం 36 అంగుళాలు చేయించుకున్నాడు. పొడవు పెరిగితే శబ్దం స్పష్టమవుతుంది, దాంతోపాటు ఎడమచేతి వేళ్ళు మరింత చాపాలి. ఈ ఒక్క విషయానికి లక్షలక్కర్లేదు, మధ్య ధరల్లోనూ 35 అంగుళాలవి దొరుకుతాయి.

మూడోది ఫ్రెట్ల పని. ప్రతి ఫ్రెట్ అంచునీ చేత్తో అరగదీసి గుండ్రం చేస్తారు. నెక్ పక్కగా అరచేయి జారిస్తే ఎక్కడా గీసుకోదు. చవక గిటార్ మీద అదే పని చేస్తే రంపం మీద చెయ్యి జార్చినట్టుంటుంది, ముఖ్యంగా ఎండాకాలం చెక్క ఆరిపోయి ఫ్రెట్ల కొసలు బయటికొచ్చినప్పుడు.

ఆపైన తీగ కంపనాన్ని కరెంటు సంకేతంగా మార్చే పికప్‌లు, ఆ సంకేతాన్ని సరిదిద్దే ప్రీయాంప్, బరువు సమతూకం. వీటన్నిటి మీదా అందం. ఆ వాల్‌నట్ చారలకి పెట్టేది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుందాం. కళ్ళకి నచ్చింది కొనుక్కోవడం తప్పేం కాదు. కాకపోతే అది చెవికోసం అని ఇంట్లోవాళ్ళకి చెప్పకూడదు.

పేరున్నవాళ్ళంతా ఇలాంటి చేతిపని గిటార్లే వాయిస్తారు కదా?

కాదు. జాన్ పటిటూచి పేరు మీద యమహా ఆరు తీగల మోడల్ తెచ్చింది. థండర్‌క్యాట్ పేరుతో ఇబనేజ్ చేసింది. డ్రీమ్ థియేటర్ బ్యాండ్‌లో వాయించే జాన్ మ్యుంగ్ చేతిలో యమహాలు, తర్వాత మ్యూజిక్ మ్యాన్‌లు కనిపిస్తాయి. విక్టర్ వూటెన్ వాయించేది ఫొడేరానే గానీ, ఆయనకి పేరు తెచ్చింది అందులోని నాలుగు తీగలదే!

సరే, జేబుకి తగ్గవి చెప్పండి.

ధరలు నెలనెలా మారతాయి, కాబట్టి మెట్లు మాత్రం చెప్తాను.

కింది మెట్టు మీద ఇబనేజ్ జీఎస్ఆర్ 206 ఉంది. ఆరు తీగలు నాకు నప్పుతాయా లేదా అని తేల్చుకోవడానికి అది చాలు. కాకపోతే ఫ్రెట్ల కొసలు, నట్ (తల దగ్గర తీగలు ఆనే పట్టీ) గాడులు ఎవరైనా తెలిసినవాళ్ళతో సరిచేయించక తప్పదు.

దాని పైన అదే కంపెనీ ఎస్ఆర్ 300 వరుసలో ఆరు తీగలది. నెక్ పల్చన, ఒళ్ళు తేలిక. నా లెక్కలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇక్కడే దొరుకుతుంది. ఇంకో మెట్టెక్కితే ఎస్ఆర్ 500 వరుస. అందులో బార్టొలిని పికప్‌లుంటాయి, శబ్దంలో తేడా తెలుస్తుంది. తీగల మధ్య ఇంకాస్త జాగా కావాలనుకునేవాళ్ళు, ముఖ్యంగా బొటనవేలితో కొట్టి వాయించేవాళ్ళు, బీటీబీ వరుస చూడండి. బరువుగా ఉంటాయి, మెడ ముందే సిద్ధం చేసుకోండి.

ఇవి కాక కోర్ట్ ఆర్టిజాన్ వరుసలో, షెక్టర్ స్టిలెట్టో స్టూడియోలో ఆరు తీగలవి ఉన్నాయి. సైర్ మార్కస్ మిల్లర్ ఎం7లోనూ ఉంది. దుకాణాల్లో ఇవి చేతికందేలా ఉండటం అరుదు, ఆర్డర్ మీద తెప్పిస్తారు. హైదరాబాద్‌లో నేను తిరిగిన దుకాణాల్లో ఆరు తీగలది గోడకి వేలాడుతూ కనిపించింది రెండుసార్లే.

సెకండ్ హ్యాండ్ కొనొచ్చా?

కొనొచ్చు, ఒంటికన్ను పెట్టి చూసి కొనాలి. నేను రెండు కళ్ళూ మూసుకుని కొన్నాను.

వేరే ఊళ్ళో ఒకాయన అమ్ముతున్నాడంటే ఫొటోలు చూసి డబ్బు పంపేశాను. పెట్టె వచ్చింది, చూడ్డానికి పెళ్ళికొడుకులా ఉంది. శ్రుతి చేసి వాయిస్తే బి తీగ ఐదో ఫ్రెట్ దగ్గర టకటకమంటోంది, సి తీగ మాత్రం వేలెడు ఎత్తున ఉంది. నెక్ లోపల వంపు సరిచేసే ట్రస్ రాడ్ తిప్పినకొద్దీ ఒక పక్క బాగుపడి రెండో పక్క పాడైంది. రిపేరు చేసే పెద్దాయన దాన్ని ఎత్తి, వడ్రంగి చెక్క వంపు చూసినట్టు ఒక కన్ను మూసి బ్రిడ్జ్ (ఒంటి మీద తీగలు బిగించే చోటు) వైపు నుంచి చూసి, "బాబూ, ఇది మెలి తిరిగిందయ్యా" అన్నాడు. ముందుకో వెనక్కో వంగితే రాడ్ సరిచేస్తుంది. మెలి తిరిగితే మామూలు రాడ్ ఏం చేయలేదు.

కాబట్టి చేత్తో పట్టుకుని చూడకుండా డబ్బివ్వొద్దు. బ్రిడ్జ్ వైపు నుంచి నెక్ వెంబడి చూస్తే నట్, చివరి ఫ్రెట్ రెండు గీతలూ సమాంతరంగా కనపడాలి. ట్రస్ రాడ్ ఇంకా తిరుగుతోందా, చివరిదాకా బిగించేశారా అడగండి, అమ్మేవాడి ఎదురుగానే తిప్పించండి. ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కండి. ఆరు తీగలు, 24 ఫ్రెట్లు, మొత్తం 144 చోట్లు. అమ్మేవాడు విసుక్కుంటే విసుక్కోనీయండి, ఈలోపు టీ తాగుతాడు. బ్యాటరీ పెట్టె తెరిచి, పాత బ్యాటరీ కారి పచ్చటి తుప్పు పట్టిందేమో చూడండి.

ఆరు తీగలది కొనకుండా ఆ స్వరాలు సంపాదించే దారి లేదా?

ఉంది, ఒకటి కాదు నాలుగు.

కింది స్వరాలే కావాలంటే ఉన్న నాలుగు తీగలదానికి ఐదు తీగల సెట్ కొని జి తీగ పక్కన పెట్టి బి, ఇ, ఎ, డి ఎక్కించండి. మందపు బి తీగ 0.130 అంగుళం ఉంటుంది. మామూలు ఇ తీగ కోసం కోసిన నట్ గాడిలో అది కూర్చోదు, గాడి వెడల్పు చేయించాలి. పాత తీగలకి మళ్ళీ మారాలనుకుంటే కొత్త నట్ వేయించుకోవాలి, అది ముందే ఆలోచించుకోండి.

పై స్వరాలే కావాలంటే ఐదు తీగలదానికి తీగలు మార్చి ఇ, ఎ, డి, జి, సి శ్రుతి చేయండి. నేను చూసినవాళ్ళలో ఆరు కావాలన్న సగం మందికి నిజంగా కావాల్సింది ఇదే.

రెండు శ్రుతి పాట కోసం ఎప్పుడో ఒకసారి కిందికి దిగాలంటే ఇ తీగని మీట నొక్కి డికి దించే, తీగ బిగించే ప్రత్యేకమైన చెవి దొరుకుతుంది, హిప్‌షాట్ వాళ్ళది ప్రసిద్ధం. పాట మధ్యలో కూడా దించుకోవచ్చు.

నాలుగోది ఆక్టేవ్ పెడల్. ఒక స్థాయి కింది స్వరాన్ని కలిపి వినిపిస్తుంది. మధ్య స్థాయిలో బాగుంటుంది, ఇ తీగ కింది ఫ్రెట్ల దగ్గర గొంతు బొంగురుపోయినట్టు తడబడుతుంది.

ఫెండర్ బేస్ సిక్స్ చవకగా దొరుకుతోంది. దానికీ ఆరు తీగలే కదా?

తీగల సంఖ్య ఒకటే, వాద్యం వేరు. 1961లో వచ్చిన అది మామూలు గిటార్‌ని ఒక స్థాయి కిందికి దించినట్టుంటుంది. శ్రుతి ఇ నుంచి ఇ దాకా, స్కేల్ 30 అంగుళాలు, తీగలు దగ్గరదగ్గరగా ఉంటాయి. పిక్‌తో వాయిస్తే హాయిగా ఉంటుంది. అందులో కింది బి లేదు.

అమెరికాలో ఉన్న మా బావ వచ్చేటప్పుడు తెస్తానంటున్నాడు.

బావ మంచివాడు. బిల్లు ఆయన దగ్గరుండాలి, ఉచిత పరిమితి దాటినదానికి సుంకం కట్టాలి. కట్టే ఉద్దేశంతోనే తెప్పించుకోండి. ఆయన్ని విమానాశ్రయంలో టెన్షన్ పెట్టొద్దు. పాత గిటార్ అయితే చెక్క ఏదో కనుక్కోండి. బ్రెజిల్ రోజ్‌వుడ్ 1992 నుంచి, అంతరించే జాతుల వ్యాపారాన్ని అదుపు చేసే సైట్స్ అంతర్జాతీయ ఒప్పందంలో అన్నిటికంటే కఠినమైన జాబితాలో ఉంది, పత్రాలు లేకుండా సరిహద్దు దాటించకూడదు. మిగతా రోజ్‌వుడ్ రకాలతో చేసిన తయారైన వాద్యాలకి 2019 చివర్లో మినహాయింపు వచ్చింది. ఇంకో మాట: ఆరు తీగలది పెట్టెతో కలిపి కొలవమనండి. మన బావల్లో చాలామంది రెండు సూట్‌కేసుల ఊరగాయ లెక్కలోనే ఉంటారు.

ఈఎంఐలో పెద్దదే కొనేస్తే?

అందులో ఆరు లక్షలే అప్పు అనుకుందాం. రెండేళ్ళు, వడ్డీ లేదనుకున్నా నెలకు 25,000. ఒక్కో ప్రోగ్రాంకి మీకు 3,000 వస్తుందనుకుంటే 200 ప్రోగ్రాంలు. ఆ 200 రాత్రులూ వర్షం పడే మైదానాల్లో, జనరేటర్ పక్కన, కేబుల్ తట్టుకుని పడిపోయే పిల్లల మధ్య ఆ వాల్‌నట్ చారలు ఉండాలి. నా చేతులు అప్పుడే వణుకుతున్నాయి.

నా చేతులు చిన్నవి. వాయించగలనా?

వాయించగలరు. నట్ దగ్గర నెక్ వెడల్పు సుమారు 54 మిల్లీమీటర్లు ఉంటుంది. బొటనవేలు నెక్ పైనుంచి తొంగిచూడకుండా వెనక మధ్యలో ఉంచాలి. గిటార్‌ని బొడ్డు కింద వేలాడదీసే స్టైలు మానుకోవాలి. అసలు కష్టం ఎడమచేయిది కాదు, మోగకూడని తీగల్ని ఆపడం. ఒకటి వాయిస్తుంటే మిగతా ఐదూ ఎక్కడోచోట మూలుగుతుంటాయి. కుడి బొటనవేలిని పికప్ మీద పాతకుండా మందపు తీగల మీద వాల్చి, వాయించే తీగతోపాటు జరుపుతూ పోవాలి. నాకు ఇది పట్టుబడటానికి ఆరునెలలు పట్టింది, ఆ ఆరునెలలూ చర్చిలో నాలుగు తీగలదే వాయించాను.

కొత్తదానికి సెటప్ చేయించడం తప్పనిసరా?

తప్పనిసరి. మొదటి ఫ్రెట్ దగ్గర క్యాపో (తీగలన్నిటినీ నొక్కిపెట్టే క్లిప్పు) పెట్టి, బి తీగని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి, ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకి, ఫ్రెట్‌కి మధ్య సందు చూడండి. ఒక విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే బాగున్నట్టే. విశాఖ, కాకినాడ వైపు వాళ్ళు తీగలు తుడవకుండా పెట్టెలో పెడితే ఉప్పుగాలికి వారం రోజుల్లో గరుకుతేలతాయి. ఆరు తీగల సెట్ అన్ని దుకాణాల్లో ఉండదు, కాబట్టి ఒకటి ఎప్పుడూ ఎక్కువ కొని ఉంచుకోండి. ప్రీయాంప్ ఉన్నవాటిలో కేబుల్ గుచ్చి ఉంచినంతసేపూ 9 వోల్టుల బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. వాయించడం అయ్యాక కేబుల్ లాగేయండి. ఆరాధన మధ్యలో గిటార్ గొంతు మూగబోతే పాస్టర్‌గారు చూసే చూపు నాకు తెలుసు.

ఇంట్లో ఎలా చెప్పాలి?

నిజం చెప్పండి. మా ఆవిడ "ఉన్న నాలుగు తీగలు మోగుతున్నాయి కదండీ" అంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చివరికి మీరేం కొన్నారు?

మెలి తిరిగినదాన్ని లోపం చెప్పి, విడిభాగాల కోసం అడిగిన కుర్రాడికి ఇచ్చేశాను. తర్వాత ఎస్ఆర్ 500 వరుసలో ఆరు తీగలది సెకండ్ హ్యాండ్‌లో, ఈసారి బస్సెక్కి వెళ్ళి 144 చోట్లూ నొక్కి కొన్నాను. ఫ్రెట్లు సమం చేయించి, నాలుగంగుళాల వెడల్పు స్ట్రాప్ కొన్నాను. మిగిలిన డబ్బుతో 15 అంగుళాల క్యాబినెట్ వచ్చింది. ఫొడేరా ఫొటో ఇంకా ఫోన్‌లోనే ఉంది, డిలీట్ చేయలేదు. ఎప్పుడైనా బ్రూక్లిన్ వెళ్తే ఒక్కసారి ఒళ్ళో పెట్టుకుని బి తీగ మీటాలని ఉంది.

పాత నాలుగు తీగలది అమ్మేయనా?

వద్దు. రికార్డింగ్‌కి పిలిచినవాళ్ళు పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే తెమ్మంటారు.